గెలిచే సీనుకు మ్యూజిక్ వద్దంది ఆవిడ

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి బెజవాడ పటమటలో నా దగ్గర కీబోర్డు నేర్చుకునే పిల్లల్నడిగినా చెబుతారు, ఇన్నేళ్ళుగా నాతో పెళ్ళి కచేరీల్లో వాయిస్తున్న డ్రమ్ముల వాళ్ళనడిగినా చెబుతారు. కాబట్టి ఆ కుర్ర డైరెక్టరు మా ఇంటికొచ్చి, "మేడమ్, మా మావయ్య జీవితం మీద సినిమా తీశానండి. బ్యాగ్రౌండ్ మ్యూజిక్ మీరే చెయ్యాలండి" అన్నప్పుడు, "మీ మావయ్య ఏం చేశాడు నాయనా, స్వాతంత్ర్యం తెచ్చాడా?" అన్నాను.

"పేకాడారండి," అన్నాడు.

వాడిది హనుమాన్ జంక్షన్. మాటకు ముందు 'అండి', మాట వెనకాల 'అండి'. తిట్టినా నవ్వుతాడు, అలాంటి వాళ్ళ మీద నాకు ఎక్కువసేపు కోపం నిలవదు. హైదరాబాదులో పేరున్న వాళ్ళెవరూ ఆ బడ్జెట్టుకు దొరక్క నా దగ్గరికొచ్చాడని తెలుసు. అయినా సినిమా సినిమానే కదా. అప్పటిదాకా నేను చేసినవన్నీ షార్ట్ ఫిల్ములు, భక్తిపాటల ఆల్బమ్‌లు, ఒక పప్పుల మిల్లు ప్రకటన. ఒప్పుకోక చస్తానా!

కూర్చోబెట్టి కథ చెప్పించుకున్నాను. వాళ్ళ మావయ్యది నేతపని చేసే కుటుంబం. ఇంటినిండా మగ్గాలు, దానికి తోడు చీరల వ్యాపారం. మనిషి మంచివాడు, మాట మెత్తన, చెయ్యి ఉదారం. పేక ముక్క చేతిలో పడితే మాత్రం పెళ్ళాం లేదు, ఇల్లు లేదు. చేపల చెరువుల గట్ల మీద కాపలా షెడ్లుంటాయి చూడండి, వాటిల్లో రోజులకు రోజులు ఆట. ఒక్కో మగ్గమే ఇంట్లోంచి వెళ్ళిపోయింది. మా వైపు మగ్గాలు గుంటలో దింపి ఉంటాయి, నేసే మనిషి కాళ్ళు ఆ గుంటలో పెట్టుకుని కూర్చుంటాడు. అప్పులవాళ్ళు ఆఖరి మగ్గం పీక్కుపోయిన రోజున, మిగిలిన ఆ ఖాళీ గుంటలో దిగి కూర్చుంది ఆయన భార్య. ఎవరు పిలిచినా లేవలేదు. ఆయనొచ్చి, "ఇక ముక్క ముట్టను, లేవవే" అనేదాకా అలాగే ఉంది. నిజంగానే ఆయన ఆ తర్వాత ముట్టలేదు. అదే సినిమాకు క్లైమాక్స్.

ఇప్పుడా దంపతులు కంకిపాడులో చిన్న అద్దె ఇంట్లో ఉంటున్నారు. ఆయన చీరల మూట పట్టుకుని ఊళ్ళమ్మట తిరిగి అమ్ముతారు. ఆవిడ చీరలకు ఫాల్స్ కుడుతుంది.

మొదట ఆవిడ కోసమే ఒక వరస కట్టాను. ఏ వాయిద్యంతో కట్టినా అబద్ధంలా అనిపించి, డైరెక్టర్ని వెంటబెట్టుకుని వాళ్ళ పాత ఊరికి వెళ్ళి, ఇంకా నేస్తున్న ఒక ఇంట్లో మగ్గం చప్పుడు రికార్డు చేసుకొచ్చాను. దాని మీద ఒక్క వేణువు. అంతే. విన్నవాళ్ళు బాగుందన్నారు. బాగుందని నాకూ తెలుసు, ఆ విషయంలో నాకు వినయం లేదు.

గెలిచే సీను సంగతి వేరు. సినిమా సగంలో హీరో చెరువు గట్టు షెడ్డులో పెద్ద ఆట గెలుస్తాడు. నిర్మాత కంకిపాడు చుట్టుపక్కల ప్లాట్లు అమ్మే మనిషి. ఆయనకు సినిమా మొత్తంలో ఆ సీనొక్కటే నచ్చింది. "మేడమ్ గారూ, ఇక్కడ తీన్‌మార్ దంచెయ్యాలండీ. బెజవాడ జనం సీట్లెక్కాలంతే," అన్నారు. సరే, అదెంత పని! డప్పులు, క్లారినెట్, వెనకాల కుర్రాళ్ళ కేకలు. ఒక్క పూటలో కట్టి పారేశాను.

ఆ వరసలు వినిపించడానికి డైరెక్టరు ఒక ఆదివారం మావయ్యనీ అత్తయ్యనీ మా ఇంటికి తీసుకొచ్చాడు. ఆయన తెల్ల చొక్కా, నుదుట బొట్టు, బక్కపలచని మనిషి. ఆవిడ నా గదిలో ఉన్న వైర్లన్నీ చూసి చెప్పులు ఎక్కడ విప్పాలో తెలియక గుమ్మంలోనే ఆగిపోయింది. మగ్గం వరస వినిపిస్తే ఇద్దరూ తలలు వంచుకుని విన్నారు. తీన్‌మార్ వినిపిస్తే మాత్రం ఆయన పగలబడి నవ్వారు.

"ఇదేంటమ్మాయ్, అమ్మవారి ఊరేగింపులా ఉంది! ఆడేచోట ఇంత గోలుంటే ముక్కేం కనపడుద్ది?" అన్నారు. నవ్వుతూనే తాళం కూడా వేశారు. నాకు కొంచెం ఒళ్ళు మండింది గానీ పెద్దాయన కదా అని ఊరుకున్నాను. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది. పేకాట గురించి ఏ బాధా, ఏ ఆశా లేని నవ్వు అది.

కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్తే ఆవిడ నా వెనకే వచ్చింది.

"అమ్మాయ్, ఒకటి చెబుతా, ఏమనుకోకు. ఆ గెలిచే కాడ మ్యూజిక్ తీసేస్తావా?"

"ఏమండీ, బాగాలేదా?"

"బాగుంది. అందుకే చెబుతున్నా."

నేను గ్యాస్ కట్టేశాను. ఆవిడ వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఓడిన రోజు నాకు భయముండేది కాదమ్మా. కాళ్ళీడ్చుకుంటా వచ్చి, పెట్టింది తిని పడుకునేవారు. రెండ్రోజులు ఇంటిపట్టునుండి మగ్గం మీద కూర్చునేవారు. గెలిచిన రోజే నాకు వణుకు. వీధి మొగలోంచే నవ్వుకుంటా వచ్చేవారు. ఒక చేతిలో మల్లెపూల పొట్లం, ఇంకో చేతిలో బందరు లడ్డూలు. చుట్టుపక్కలోళ్ళంతా, నీకేం తల్లీ అదృష్టవంతురాలివి, అనేవాళ్ళు. ఆ పూలు తలలో పెట్టుకుంటుంటే నా చేతులు ఆడేయి కాదు. ఎందుకంటే తెల్లారకుండానే మళ్ళీ పోతారని తెలుసు. ఓడినోణ్ణైతే కాళ్ళావేళ్ళా పడి ఆపుకోవచ్చు. గెలిచిన మనిషిని ఎవరాపుతారు? మా మగ్గాలు ఓటమికి పోలేదమ్మా, గెలుపుకే పోయినయ్."

ఆవిడే మళ్ళీ అంది.

"ఇప్పుడు దీపాలు పెట్టే యాళకి ఇంటికొస్తున్నారు. నాకదొక్కటి చాలు, ఇంకేం వద్దు. రేపు హాల్లో ఆయన గెలిచాడని మ్యూజిక్కులు మోగి, జనం ఈలలేస్తే, పక్కన కూర్చున్న మనిషికి ఎట్టుంటదో నువ్వే ఆలోచించు."

తీసేస్తానని ఆవిడ చెయ్యి పట్టుకుని మాటిచ్చాను. ఆ క్షణంలో నాకు ఆవిడ మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. పాతికేళ్ళుగా సంగీతంతో బతుకుతున్నాను, ఒక సీనులో సంగీతం ఎందుకు ఉండకూడదో ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

నిర్మాత దగ్గర ఆ మాట ఎత్తగానే ఆయన కుర్చీలోంచి లేచారు. "ఏమండీ, గెలిచినప్పుడు తీన్‌మార్ లేకపోతే జనం ఈలెలా వేస్తారండీ? పెద్దకర్మకొచ్చినోళ్ళలాగ కూర్చుంటారు!"

"వాళ్ళు వెయ్యకపోతే మీరు వెయ్యండి," అన్నాను.

"ఊరోళ్ళ నాడి నాకు తెలుసండీ. ఆ డప్పులుంటే అది సినిమా. అవి తీసేస్తే నిజమైపోద్ది."

చూశారా, ఆయన అప్పుడే చెప్పారు. ప్లాట్లమ్ముకునే ఆయనకు కళ గురించి ఏం తెలుసులే అని నేను చెవిన పెట్టలేదు. గంటసేపు కొట్లాడాను. డప్పులుంటే నేనే ఉండనని లేచి గుమ్మం దాకా వెళ్ళాను. డైరెక్టరు ఇద్దరి మధ్యా నిలబడి, అండి అండి అంటూ ఆఖరికి నా వైపు తిరిగాడు. నేనే గెలిచాను. ఇంటికొచ్చే దారిలో ఆటోలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. గెలిచిన మనిషిని ఎవరాపుతారు? సంగీతం తీసేశాక ఆ సీను చూస్తే ఏదో వెలితిగా తోచింది. షెడ్డులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, చుట్టూ జనం గుసగుసలు, బయట కప్పల అరుపులు. అవన్నీ తీసేయమని సౌండ్ మిక్సింగ్ చేసే అతన్ని నేనే అడిగాను. హైదరాబాదులో ఆ మిక్సింగ్ గదిలో కూర్చుని ఒక్కొక్కటీ తీయిస్తూ పోయాను. చివరికి మిగిలింది పేక ముక్కల చప్పుడు ఒక్కటే. కలుపుతుంటే సర్రుమని, పంచుతుంటే టప్ టప్‌మని, పైముక్క లాగుతుంటే చాప మీద గోరు గీసినట్టు. "ఇంకొంచెం పెంచండి, ఇంకొంచెం" అన్నాను. ఆ మిక్సింగ్ అతను కూడా, "సూపర్ మేడమ్, రోమాలు నిక్కబొడుచుకుంటున్నాయి" అన్నాడు. ఆవిడ అడిగినదానికన్నా ఎక్కువే చేశానని మురిసిపోయాను.

విడుదల రోజు గాంధీనగర్‌లో మ్యాట్నీకి వెళ్ళాం. ఎండాకాలం, హాల్లో ఏసీ ఉన్నా లేనట్టే ఉంది. పై వరసలో నేను, నా పక్కన డైరెక్టరు మావయ్య, ఆయనకు అటుపక్క ఆవిడ. డైరెక్టరు కూర్చోలేక తలుపు దగ్గరే తచ్చాడుతున్నాడు. మగ్గం చప్పుడు మొదటిసారి వినిపించినప్పుడు ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆయన నా వైపు వంగి, "అదే చప్పుడమ్మాయ్, అచ్చం అదే" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ఆ సీనొచ్చింది.

బెజవాడ హాల్లో నిశ్శబ్దం ఎప్పుడైనా విన్నారా? నేనెప్పుడూ వినలేదు. ముందు వరసల్లో గోల చేస్తున్న కుర్రాళ్ళు కూడా ఠక్కున ఆగిపోయారు. ముక్కలు కలుపుతున్న సర్రుమనే చప్పుడు నాలుగు గోడల నుంచీ మా మీదికొచ్చింది. కోపంతో, పట్టుదలతో నేను సంపాదించుకున్న నిశ్శబ్దం అది. గర్వంగా పక్కకు చూశాను.

ఆయన చెయ్యి కదులుతోంది. మోకాలి మీద పెట్టుకున్న ఎడమ చేతివేళ్ళు ముక్కలు పట్టుకున్నట్టు విచ్చుకున్నాయి. బొటనవేలు ఒక్కో ముక్కనూ జరుపుతోంది. మెడ కొంచెం ముందుకొచ్చింది. కళ్ళార్పడం లేదు. ఆయన సినిమా చూడటం లేదు, ఆట ఆడుతున్నారు.

ఆవిడ కూడా చూసింది. మెల్లగా తన చెయ్యి తీసుకెళ్ళి ఆ చేతి మీద వేసింది. ఆయన తెర మీంచి చూపు తిప్పకుండానే ఆ చేతిని పక్కకు నెట్టేశారు. కసురుకోలేదు, విసుక్కోలేదు. ముక్కలకు అడ్డమొచ్చిన కొంగును తప్పించినట్టు తప్పించారంతే. ఆవిడ ఆ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడే తెర మీద హీరో ముక్కలు పరిచి "షో" అన్నాడు. హాలంతా ఈలలు. నిర్మాత భయపడ్డారు గానీ, జనానికి డప్పులు అక్కర్లేకపోయింది.

ఇంటర్వెల్‌లో మెట్ల దగ్గర ఆయన మొహం చూస్తే పదేళ్ళు తగ్గినట్టున్నారు.

"అమ్మాయ్, ఏం చేశావమ్మా! ఆ ముక్క చప్పుడు! ఎన్నేళ్ళయిందో విని. మొన్న మీ ఇంట్లో వాయించిందేదో ఊరేగింపు. ఆటంటే ఇదీ! ఆడేటప్పుడు మాకు లోకమంతా ఇట్టాగే మూగబోయేది, ముక్కొక్కటే వినపడేది. నీకెట్టా తెలిసింది?"

సిగ్గులేకుండా "థ్యాంక్సండీ" అన్నాను. అనకుండా ఉంటే బాగుండేది. ఆవిడ నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఉంటే తట్టుకునేదాన్నేమో. "ఇక ఇంటికి పోదామా అండీ" అని ఆయన్నడిగింది. "ఇంకా సగముందిగా" అన్నారాయన. రెండో సగంలో, గుంటలో కూర్చున్న భార్య సీనుకు హాల్లో చాలామంది ఏడ్చారు. ఆయన వేళ్ళు మాత్రం ఇంకా కదులుతూనే ఉన్నాయి.

సినిమా వారం పదిరోజులు ఆడింది. నా నిశ్శబ్దాన్ని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఒకరోజు డైరెక్టరు ఉత్సాహంగా ఫోన్ చేశాడు.

"మేడమ్, మావయ్యకు సినిమా ఎంత నచ్చిందంటే, రోజూ మ్యాట్నీకి వెళ్తున్నాడటండి! చీరల మూట హాలు వాళ్ళ దగ్గర పెట్టేసి మరీ చూస్తున్నాడటండి!"

"మొత్తం చూస్తున్నారా?" అన్నాను.

"లేదటండి. ఇంటర్వెల్‌కు వచ్చేస్తున్నాడట. పెద్దాయన కదండి, అంతసేపు కూర్చోలేడేమో."

వెర్రినాగన్న, వాడికి అర్థం కాలేదు. గుంటలో కూర్చున్న భార్య సీను దాకా ఆయన ఉండటం లేదు. ఆ చప్పుడు వినడానికి వెళ్ళి, విని వచ్చేస్తున్నారు. హాల్లోంచి సినిమా తీసేశాక ఆ చప్పుడు కోసం ఆయన ఎక్కడికి వెళ్తారో నేనొకళ్ళని అడగాలా? అనుకున్నట్టే హాల్లోంచి సినిమా తీసేశారు. వారం రోజులు ఆగలేక ఆగి, ఎనిమిదోనాడు సాయంత్రం కంకిపాడు బస్సెక్కాను.

ఆవిడ వెలుతురు కోసం గడప మీద కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను, పక్కనే కూలబడ్డాను. ఏమీ దాచలేదు ఆవిడ.

"హనుమాన్ జంక్షన్ అవతల చెరువుల కాడికి పోతున్నారమ్మా. చీరలమ్మడానికే అంటారు. మూట కట్టింది కట్టినట్టే తిరిగొస్తుంది."

"అంతా నా మూలానేనండీ. ఆ డప్పులు ఉంచేసినా బాగుండేది. ఆయన నవ్వి ఊరుకునేవారు. నేనే తీసేశాను, ఉన్నవన్నీ తీసేసి ఆ ముక్కల చప్పుడు ఆయన చెవిలో పెట్టాను."

"తియ్యమన్నది నేను గదా తల్లీ. జనం ఈలలకీ మ్యూజిక్కులకీ ఆయన చెడతారనుకున్నాను. ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా, ఆయన్ని లాగేది ఆ ముక్కేనని నాకు తట్టలేదు చూడు." సూది గుచ్చి, దారం లాగి, పంటితో కొరికింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం గానీ, ఒక్కటే ఆశ. వెళ్ళిన రోజల్లా ఓడే వస్తున్నారు. మొహం చూస్తే తెలిసిపోద్దిగా. ఇంకో నాలుగుసార్లు ఓడితే విసుగొచ్చి మానేస్తారు. ఓడాలనే ఆ దేవుడికి మొక్కుకుంటున్నా."

లోపలికెళ్ళి దీపం పెట్టొచ్చింది. మళ్ళీ కూర్చుంది. రోడ్డు మీద బస్సు ఆగినప్పుడల్లా కుట్టడం ఆపి, అడుగుల చప్పుడు దూరమయ్యాక మళ్ళీ కుడుతోంది. ఎదుటింటివాళ్ళు టీవీ పెట్టుకున్నారు. నేను కూడా మనసులో, ఓడాలి స్వామీ, ఆయన ఓడాలి అనుకుంటూ కూర్చున్నాను. ఒక మనిషి ఓడిపోవాలని అంత గట్టిగా నేనెప్పుడూ కోరుకోలేదు.

ఇంకో బస్సు ఆగింది. వీధి మొగలో ఎవరితోనో ఆయన మాట్లాడుతున్న గొంతు, వెంటనే నవ్వు. ఆవిడ సూది చీరలోనే గుచ్చి వదిలేసింది.

"ఓహో, మ్యూజిక్ డైరెక్టరు గారే! సమయానికొచ్చావమ్మాయ్, ముందు నోరు తీపి చేసుకో," అంటూ వచ్చారాయన. చీరల మూట భుజాన అలాగే ఉంది. బందరు లడ్డూల డబ్బా నా చేతిలో పెట్టారు, మల్లెపూల పొట్లం ఆవిడ ఒళ్ళో పడేశారు. "రేపు పొద్దున్నే లేపవే, పెందలాడే పోవాలి" అంటూ కాళ్ళు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళారు. ఈల వేస్తున్నారు. నా తీన్‌మార్ వరసే.

ఆవిడ పొట్లం విప్పింది. దండ రెండుగా తుంపి, సగం నా చేతిలో పెట్టి, "పెట్టుకో అమ్మా, ఉత్త తలతో పంపకూడదు" అంది. మిగతా సగం జడ దాకా ఎత్తి, దించి, నా ఒళ్ళో పెట్టింది. తర్వాత నా వైపు వీపు తిప్పింది.

"నాకు చేతులాడటం లేదు. నువ్వే పెట్టమ్మా," అంది.

ఆ పూలు ఆవిడ తలలో నేనే పెట్టాను.